మునుఁగుట, ముంచుట: ఒక యింగ్లీషు మృతపదమును ఇందూరుసీమ వాడుకయు

ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు మహానిఘంటువు 1884వ సంవత్సరమునఁ దొలిభాగముతో వెలువడ నారంభించి 1928వ సంవత్సరమునఁ బూర్తియైనది. అందు వాడుక తప్పిన పదమునకు ముందు చిన్నకటారివంటి గుర్తు నుంచుట సంకేతము. ‘అడ్రెంచ్’ అను క్రియ అట్టి మృతపదములలో నొకటి. నీట ముంచి చంపుట దాని యర్థము. ఇంగ్లీషువా రెన్నఁడో విడిచిన యీ మాటతో మన కేమి ప్రయోజన మని పండితు లడుగవచ్చును. ఆ పదము పుట్టిన తీరును, మడిసిన కారణమును తెలిసికొన్నచో మన ‘మునుఁగు – ముంచు’, ‘త్రాగు – త్రాపు’ అను జంటల స్వభావము విశదమగును. అంతకంటె ముఖ్యముగా, నిజామాబాదు బోధను ప్రాంతములలో తొంబదియేండ్లకుఁ బైగా వినఁబడుచున్న ‘ముంపు’ అను మాటను మనము సరిగా నర్థము చేసికొనుచున్నామా యను ప్రశ్నకు సమాధానము దొరకును.

ఈ వ్యాసమునఁ బ్రతిపాదింపఁదలఁచిన విషయ మొక్కటియే. నీటఁబడి నశించుటను దెల్పు క్రియలలో, తానై నశించుటకును ఒకఁడు నశింపఁజేయుటకును గల భేదమును గాపాడునది ప్రేరణరూపము. ఆ రూపమునకును దాని మూలధాతువునకును గల చుట్టఱికము చెవికి వినఁబడునంతవఱకు పదము బ్రదుకును; అది వినఁబడకపోయినచో పదము చచ్చును, లేదా దాని యర్థము జాఱిపోవును. ఇంగ్లీషున నిట్లు జరిగినది. తెలుఁగున, అందును ఇందూరు సీమ వాడుకలో, ఇంకను బూర్తిగా జరుగలేదు.

మొదట నింగ్లీషు చరిత్రము. ప్రాచీనాంగ్లమున ‘డ్రింకన్’ అనఁగాఁ ద్రాగుట. దీనికిఁ బ్రేరణరూపము ‘డ్రెంచన్’ అనఁగాఁ ద్రాపుట. దీని ముందు ‘ఆ’ అను నుపసర్గము చేర్చినచో, కడవఱకుఁ ద్రాపుట, అనఁగా నీరు త్రాపి చంపుట యను నర్థము వచ్చినది. అడ్రెంచ్ అనునది దాని పరిణామము. ప్రాచీన జర్మానిక భాషలలోఁ బ్రేరణప్రత్యయమున నుండిన యకారధ్వని ముందున్న యచ్చును మార్చి తాను లోపించినది. ఆ కారణముచేతనే ఇంగ్లీషున కూర్చుండుటకు ‘సిట్’, కూర్చుండఁబెట్టుటకు ‘సెట్’; పడుటకు ‘ఫాల్’, చెట్టును పడఁగొట్టుటకు ‘ఫెల్’ అను జంట లేర్పడినవి. ‘డ్రింక్ – డ్రెంచ్’ అనునదియు నట్టి జంటయే. జర్మనుభాషలో నీ సంబంధము నేఁటికిని నిలిచియున్నది. త్రాగుట ‘ట్రింకెన్’, నీట మునిఁగి చచ్చుట ‘ఎర్‌ట్రింకెన్’, నీట ముంచి చంపుట ‘ఎర్‌ట్రెంకెన్’. జర్మను బాలుఁడు సైతము ఈ మూఁటి చుట్టఱికమును వినఁగలఁడు. ఇంగ్లీషు బాలుఁడు వినలేఁడు.

ప్రాచీనాంగ్లముననే ‘ద్రుంక్నియన్’ అను మఱియొక క్రియ గలదు. దానికి మత్తుఁడగుట యనియు, నీట మునిఁగిపోవుట యనియు రెండర్థములు. మద్యము త్రాగి యొడలు మఱచుటను, నీరు త్రాగి ప్రాణము విడుచుటను ఆ జాతివా రొకే క్రియతోఁ జెప్పిరన్నమాట. నార్వే, ఐస్లాండు మొదలగు నౌత్తరాహ దేశముల ప్రాచీనభాషయందు మునిఁగి చచ్చుటకు వాడిన ‘ద్రుక్న’ యనునదియు ఈ కుటుంబములోనిదే. కావున నీటిచావును ఆ భాషలు గొంతునుండి చూచినవి. నీటఁబడినవాఁడు నీరు త్రాగును. అదియే వారికి ముఖ్యముగాఁ దోఁచిన యంశము. మనవారును, మునిఁగి తేలినవానిని గూర్చి ‘నాలుగు గుక్కలు నీళ్లు త్రాగినాఁడు’ అందురు. ఒకనిఁ దిప్పలు పెట్టుటను ‘మూఁడు చెఱువుల నీళ్లు త్రాగించుట’ అందురు. త్రాగించుట యనఁగాఁ బీడించుట యను భావమిచ్చటను గలదు. అయినను మన భాష దానిని జాతీయముగా మాత్రమే నిలుపుకొన్నది. నీటిచావునకుఁ బేరుగాఁ జేసికొనలేదు.

మధ్యాంగ్లమున ‘డ్రెంచ్’ అనునది నీట ముంచుట యను నర్థమున విరివిగా వాడఁబడినది. 1400వ సంవత్సరమున మరణించిన చాసరు కవి దీనిని, దీని భూతకాలరూపమైన ‘డ్రెయింట్’ అనుదానిని పలుతావులఁ బ్రయోగించెను. పదునాలుగవ శతాబ్దమున విక్లిఫ్ పేరఁ బ్రసిద్ధమైన బైబిలు భాషాంతరమునను ఇదియే కానవచ్చును. 1611వ సంవత్సరమున వెలువడిన రాజకీయ భాషాంతరమునాఁటికి ఆ స్థానమును ‘డ్రౌన్’ ఆక్రమించినది. ఈ డ్రౌన్ 1300 ప్రాంతమున గ్రంథములఁ గానవచ్చుచున్నది. ఇది ఔత్తరాహ భాషాసంబంధి యని పలువురు నిఘంటుకారుల యభిప్రాయము. ఇట్లు కొత్తపదము వచ్చి పాతపదమును ద్రోసివేసినది. ఉపసర్గముతోఁగూడిన అడ్రెంచ్ పూర్తిగా నడఁగిపోయినది. ఉపసర్గము లేని డ్రెంచ్ మాత్రము చావును వదలుకొని బ్రదికినది. నేఁడు దాని యర్థము తడిపి ముద్ద చేయుట. వానలో నిలువునఁ దడిసినవానిని గూర్చి చెప్పుమాట యైనది.

దీని మొదటి యర్థము మాత్ర మొకచోట నేఁటికిని జీవించియున్నది. పశువైద్యులు పశువు నోరు తెఱచి మందు పోయుటను డ్రెంచ్ అనియే యందురు. మన రైతులు ఎద్దునకు గొట్టముతో మందు తాపుట యదియే. రాజసభలు, కవులు విడిచిన యర్థమును కొట్టము కాపాడినది. నిఘంటుకారుఁడు కవుల గ్రంథములనే చూచి ‘త్రాపుట యను నర్థము చచ్చినది’ అని వ్రాసినచో నది తప్పగును. ఈ సంగతిని మనసునందుంచుకొని మన భాషకు రావలయును.

తెలుఁగున అకర్మకధాతువునకుఁ బ్రేరణము చేయుటకు ‘ఇంచు’ అను ప్రత్యయము సర్వసాధారణము. దానికంటెఁ బ్రాచీనమని తోఁచు ఱూపములు మఱికొన్ని ధాతువుల కంటుకొని యున్నవి. దిగు – దించు, వంగు – వంచు, పెరుగు – పెంచు, మునుఁగు – ముంచు అనునవి యొక తెగ. మేయు – మేపు, తడియు – తడుపు, నిలుచు – నిలుపు, త్రాగు – త్రాపు అనునవి మఱియొక తెగ. ఇంగ్లీషున సిట్ – సెట్ వంటి జంటలు వ్రేళ్లపై లెక్కింపఁదగినన్ని మిగిలినవి. మనకో, ఇవి చేర వెదకినకొలఁది దొరకును. అందుచేత మన చెవి యింకను వీని చుట్టఱికమును మఱచిపోలేదు.

అయినను ‘త్రాపు’ అనునది కోస్తా జిల్లాల వ్రాఁతలో నపురూపమైనది. ‘త్రాగించు’ అనునదే పాఠశాలలలోఁ జెప్పఁబడును. ఇందూరు సీమకు వచ్చి చూచినచోఁ దీరు వేఱు. నిజామాబాదు నగరమునకుఁ బూర్వనామము ఇందూరు. ఈ సీమలో ‘బర్లకు నీళ్లు తాపు’, ‘పిల్లకు పాలు తాపు’ అనునవి నిత్యవ్యవహారములు. త్రాపు చావలేదు, రేఫము విడిచి ‘తాపు’గా నడచుచున్నది. దీనిని గ్రామ్యమని త్రోయువారు తాము ప్రతిదినమును ‘త్రాగు’ను ‘తాగు’ అనియు, ‘క్రొత్త’ను ‘కొత్త’ అనియు, ‘ప్రొద్దు’ను ‘పొద్దు’ అనియు నుచ్చరించుచున్న సంగతి గమనింపవలయును. సంయుక్తరేఫలోపము తెలుఁగునేల నంతటను క్రమముగా జరిగిన మార్పు. ఆ మార్పునకు లోనైన తాపు, త్రాపునకు సక్రమసంతానమే. ‘సూర్యుఁ డస్తమించెను’ అనుటకు ఈ సీమలో ‘పొద్దుగూకింది’ అందురు. వినుటకు నిది మోటుగాఁ దోఁచును. విప్పి చూచినచో ‘ప్రొద్దు గ్రుంకినది’ అను కావ్యభాషయే. పల్లెవాఁడు కావ్యమును జదువలేదు. కావ్యమునకు మాట నిచ్చినవారి నాలుకను మాత్రము వారసత్వముగాఁ బొందినాఁడు.

ఇఁక నీటిచావును దెల్పు మన సొంతపదములను విమర్శింతము. వీనిలో నేదియుఁ జావుమాటగాఁ బుట్టలేదు. ‘మునుఁగు’ అనుదానికిఁ దమిళమున ‘ముఴుకు’, కన్నడమున ‘ముళుగు’ అనునవి జ్ఞాతులు. అన్నిటను నొడలంతయు నీటిలోనికిఁ బోవుటయే ప్రధానార్థము. తమిళమున నది స్నానమునకును జెల్లును. బరో, ఎమెనో పండితులు 1961వ సంవత్సరమునఁ బ్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తికోశము వెలువడిన పిమ్మట ఇట్టి జ్ఞాతిత్వములను బరీక్షించుట సులభమైనది. ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. తమిళమున ‘ముఴుంగు’ అనఁగా మ్రింగుట. ధ్వనిసామ్యమును జూచి ‘నీరు మ్రింగుటయే మునుఁగుట’ యని కల్పించి, ఇంగ్లీషు పద్ధతికి మన పద్ధతిని గలుపుటకు నుత్సాహము పుట్టవచ్చును. అది తగదు. మ్రింగు, తమిళమున ‘విఴుంగు’ అను వానిది వేఱు కుటుంబము. పోలికయే చుట్టఱికమనుట నిరుక్తమునకు శత్రువు.

‘క్రుంకు’ లేక ‘గ్రుంకు’ అను పదమును జూడుఁడు. సూర్యుఁడు పడమటఁ గ్రుంకును; భక్తుఁడు తీర్థమునఁ గ్రుంకును. సూర్యునికి మఱునాఁ డుదయము గలదు. భక్తునికిఁ బుణ్యము గలదు. క్రిందికిఁబోవుట మాత్రమే పదము చెప్పినది. తరువాత నేమగునో చెప్పలేదు. సంస్కృతమున మజ్జధాతువు కథయు నిట్టిదే. పాణినీయధాతుపాఠమున దీనికిఁ జెప్పిన యర్థము శుద్ధి. వాడుకలోనో మునుఁగుట యర్థము. దానినుండియే ‘మజ్జనము’ స్నానమైనది. ‘నిమజ్జనము’ మునుఁగుట యైనది. లాటినుభాషలోని ‘మెర్గో’ అను ధాతువు ఈ మజ్జతోఁ బుట్టినదే యని తులనాత్మకవ్యాకరణవేత్తల నిర్ణయము. ఇంగ్లీషు ఇంజనీర్లు జలాశయములను గూర్చి వాడు ‘సబ్‌మర్జ్’ అను మాట ఆ మెర్గోనుండి వచ్చినది. కాఁబట్టి వినాయకచవితి ముగిసిన పిదప నిందూరువాసులు చేయు నిమజ్జనమును, ఇంజనీరు పటమున గీసిన సబ్‌మర్షన్ గీఁతయు నొకతల్లి బిడ్డలు.

మజ్జనమునకును బ్రేరణము గలదు. తాను చేసికొనునది మజ్జనమాడుట. ఇతరులకుఁ జేయించునది మజ్జనమార్చుట. బోధనునకు నీ పదముతోఁ బ్రాచీనసంబంధ మొకటి గలదు. బోధనమునకుఁ బూర్వము పోదనమని పేరు. వేములవాడ చాళుక్యుల వంశవర్ణనలలో, యుద్ధమల్లుఁ డను రాజు పోదనమునఁ దైలము నింపిన కొలనిలో నేనుఁగులకు మజ్జన మార్పించె నని ప్రశంస కానవచ్చును. రాజవైభవమును జాటు నతిశయోక్తి యందురుగాక. మనకుఁ గావలసినది క్రియ. ఏనుఁగులు మజ్జనమాడలేదు, మజ్జనమార్పఁబడినవి. కవి కర్తను దాఁచలేదు, పైఁగాఁ బ్రకటించినాఁడు. రాజునకుఁ గీర్తి తెచ్చు పనిలోఁ బ్రేరణకర్త వెలుఁగులోనికి వచ్చును. కీర్తి తేని పనిలో నట్టి కర్త యెచ్చటికిఁ బోవునో ముందు చూతము.

బోధనునకు సమీపమునఁ గందకుర్తి యను గ్రామముకడ గోదావరి, మంజీర, హరిద్రా నదుల సంగమము. అచ్చట జనులు మునుకలు వేయుదురు. నదిగర్భమున నున్న పురాతన శివాలయము వఱదకాలమున, దిగువ శ్రీరామసాగర జలములు వెనుకకుఁ బొడవైనపుడును, మునిఁగిపోవును. యాత్రికుఁడు మునిఁగెను, గుడి మునిఁగెను. క్రియ యొక్కటే, ఒకటి కోరి చేసినది, రెండవది జరిగినది. ఈ సీమలో గోదావరిని ‘గంగ’ యందురు. గంగలో మునుఁగుట పుణ్యము. ‘గంగల గలిసె’ ననఁగా సర్వము నష్టమైన దని యర్థము. ఒకే నీరు, దాదాపొకే క్రియ. అర్థములో భూమ్యాకాశముల యంతరము. అకర్మకక్రియ యిట్టి రెండంచుల కత్తి. దానివలన ఫలము తెలియును గాని, చేసినవాఁ డెవ్వఁడో తెలియదు.

నిజాంసాగర మీ ప్రశ్నను భాషాశాస్త్రమునుండి బ్రదుకులోనికిఁ దెచ్చినది. మంజీరానదిపై నీ జలాశయనిర్మాణము 1923లో నారంభమై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజు జంగు బహద్దరు దీని నిర్మాణమునకుఁ బ్రధాన ఇంజనీరు. ఆనకట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దీనిక్రింద నుద్దేశింపఁబడిన సాగునేల 2,75,000 ఎకరములు. జలాశయము కొఱకు సుమారు 40 గ్రామములు ఖాళీ చేయింపఁబడినవి. 2016వ సంవత్సరమున జిల్లాల విభజన జరిగిన తరువాత ఆనకట్ట కామారెడ్డి జిల్లాలోనిదైనది. పూర్వ మది నిజామాబాదు జిల్లాలోనిదే. కాలువనీరు వచ్చుటచేత బోధను ప్రాంతమునఁ జెఱకు విస్తరించినది. 1937లో బోధనున నిజాము చక్కెరకర్మాగారము స్థాపితమైనది. దాని చుట్టును శక్కర్‌నగరము వెలసినది. ఒకప్పు డాసియాఖండమందలి గొప్ప చక్కెరకర్మాగారములలో నొకటిగాఁ బేరొందిన యా సంస్థ 2015లో మూతపడినది.

ఇచ్చట నింగ్లీషు డ్రెంచ్ యొక్క మూఁడర్థములు ఒక్క నదీమార్గమున వరుసగా నిలిచినట్లు కానవచ్చును. ఆనకట్టకు నెగువను ఊళ్లు మునిఁగినవి: ఇది మృతార్థము. దిగువను జెఱకుతోఁటలు తడిసినవి: ఇది జీవదర్థము. ఆ చెఱకును బండ్లపై మోసిన యెద్దులకు రోగము వచ్చినచో గొట్టముతో మందు తాపిరి: ఇది కొట్టమున దాఁగిన మూలార్థము. ఇంగ్లీషు మూఁటికిని నొక్క పదమును వాడి, కడకు మొదటిదానిని విడిచినది. తెలుఁగు మూఁటికి మూఁడు ప్రేరణక్రియలను వేఱువేఱుగా నుంచుకొన్నది: ముంచుట, తడుపుట, తాపుట. ఎగువ ముంచినదియు దిగువఁ దడిపినదియు నొకే నీరు. అయినను మన భాష ముంపును దడిలోఁ గలిపివేయలేదు. ఇది తెలుఁగునకు గొప్ప సంపద. ఈ సంపదను మన మెట్లు వాడుకొనుచున్నా మనునది తరువాతి విచారము.

మునిఁగిన యూళ్లకు వ్యవహారమున ‘ముంపు గ్రామము’లని పేరు. పోచంపాడుకడ గోదావరిపై శ్రీరామసాగరమునకు 1963వ సంవత్సరము జూలై 26న జవాహరులాల్ నెహ్రూ శంకుస్థాపనము చేసిరి. ఆ జలాశయము నిండిన పిదపను ఇదే పేరు మఱల వినఁబడినది. ‘ముంపు’ అను పదము నిర్మాణమేమి? మునుఁగు ధాతువునకు నామము ‘మునుక’. ముంచు ధాతువునకు నామము ‘ముంపు’. దించు – దింపు, దంచు – దంపు, త్రెంచు – త్రెంపు అనువానిని బోల్చి చూచిన నిది స్పష్టము. వాడుకయు దీనినే బలపఱచును. గంగలో మూఁడు మునుకలు వేసితి మందురు గాని మూఁడు ముంపులు వేసితి మనరు. తాను చేసికొనునది మునుక. తనకు జరుపఁబడునది ముంపు. కావున ‘ముంపు గ్రామము’ అనఁగా మునిఁగిన యూరు మాత్రమే కాదు, ముంపఁబడిన యూరు. వాక్యమునఁ గర్త కానరాకున్నను, పదముయొక్క యెముకలలోఁ గర్త యున్నాఁడు.

ఇక్కడ పూర్వపక్ష మొకటి రావచ్చును. ‘వంచు’ నుండి వచ్చిన ‘వంపు’, తనంతఁ దాను వంగిన కొమ్మకును జెల్లుచున్నది. ‘పెంచు’ నుండి వచ్చిన ‘పెంపు’, తనంతఁ బెరిగిన వైభవమునకును జెల్లుచున్నది. కాఁబట్టి ముంపునందును గర్తృభావమును జూచుట కేవల వ్యుత్పత్తివ్యామోహము గదా యని. ఈ యాక్షేపమున సత్యము గలదు. పదముయొక్క పుట్టుకయే దాని యర్థమును శాశ్వతముగా నిర్ణయింపదు. నిర్ణయించినచో డ్రెంచ్ తడిపివేయుట యయ్యెడిదే కాదు. అయిన నీ యాక్షేపము మన ప్రతిపాదనమును గొట్టివేయదు, బలపఱచును. వంపునందుఁ గర్త క్రమముగా మాసినాఁడు. ముంపునందును మాయుచున్నాఁడు. ‘వఱదముంపు’ అనునపుడు ముంచునది నది. అందు మానవకర్త లేకున్నను గర్తృస్థానము ఖాళీగా లేదు. ‘జలాశయపు ముంపు’ను ‘వఱదముంపు’తో సమానముగాఁ బలుకఁబలుక, మనుష్యుఁడు నిర్ణయించి చేసిన పని దైవికమైన యుపద్రవమువలెఁ దోఁప నారంభించును. పటము గీసినవాఁడు, ఆజ్ఞ వ్రాసినవాఁడు, తూము మూసినవాఁడు వాక్యమునుండి తప్పుకొందురు. నీరు మాత్రమే నింద మోయును.

ఇది తెలుఁగునకు మాత్రమే గల యిబ్బంది గాదు. డ్రౌన్ అను పదము తాను మునుఁగుటకును ఇతరుల ముంచుటకును నొక్కరూపముననే చెల్లును. పూర్వపు ఇంగ్లీషు వ్రాఁతలలో, ప్రమాదవశమున మునిఁగి చచ్చినవానిని గూర్చియుఁ గర్మణివాక్యమునే వాడుచుండిరి. అది ‘ముంపఁబడెను’ అన్నట్లుండును. నేఁటి పత్రికాశైలీనియమములు, ఒకఁడు ముంచినట్లు తెలిసిననేగాని కర్మణిప్రయోగము చేయరాదని బోధించుచున్నవి. ఏలయన నేరము లేనిచోట నేరముగాఁ దోఁచును. అడ్రెంచ్ బ్రదికియుండినచో నీ నియమముతో నంతగాఁ బనియుండదు. ఒక రూపము చావునకు, వేఱొకరూపము చంపుటకు నుండెడిది. పోయిన పదమునకు బదులు నియమమును వ్రాసికొనవలసి వచ్చినది. మనకుఁ బద మింకను బోలేదు. ఉన్న భేదమును మన మెందులకుఁ బోఁగొట్టుకొనవలయును?

రైతు దీనిని బోఁగొట్టుకొనలేదు. పంట చెడిన యేఁట ‘మునిఁగితిమి’ యనును. నమ్మినవాఁడు మోసము చేసిన యేఁట ‘ముంచినాఁడు’ అనును. ‘నట్టేట ముంచుట’, ‘కొంప ముంచుట’ అను జాతీయములలోఁ గర్త లేకుండ మాటయే నిలువదు. ఈ రెండు క్రియలను రైతు తాఱుమాఱు చేయఁడు. ఏలయన నొకటి దురదృష్టము, రెండవది ద్రోహము. వాఁడు పాటించు నీ వివేకమును మన వ్రాఁతయుఁ బాటింపవలయును.

ఇదే సందర్భమున ఈ సీమ రెవిన్యూ వ్యవహారములోని మఱియొక పదమును జెప్పవలసియున్నది. చెఱువు నిండినపుడు మునిఁగి, నీరు తగ్గినపుడు బయటపడు నేలను ‘శికము భూమి’ యందురు. పారసీకమున ‘షికం’ అనఁగాఁ గడుపు. చెఱువు కడుపులోని నేల యని భావము. దీని మూలము తెలియక కొందఱు ‘శిఖము’ అని వ్రాసి, శిఖతో ముడివెట్టుచున్నారు. కడుపునకు బదులు కొప్పును జెప్పినట్లైనది! మూలపదమును నిలిపినచో మునిఁగిన నేలను గూర్చి యొక చక్కని భావము నిలుచును. ఆ నేల చావలేదు. చెఱువు కడుపులో నున్నది. వేసవిలో బయటికి వచ్చును. శికమునకు మఱల బయటపడుట గలదు, ముంపునకు లేదు. చెఱువుక్రింద శికమును, జలాశయముక్రింద ముంపును నొకటిగా వాడుట పదములపట్ల నన్యాయము. ఆ నేలలను నమ్మినవారిపట్ల నంతకంటె నన్యాయము.

పై విమర్శనమువలన నిఘంటుకారులకును, ఉపాధ్యాయులకును గర్తవ్యములు మూఁడు తేలుచున్నవి. మొదటిది: ఒక పదమునకు ‘అప్రయుక్తము’ అని ముద్ర వేయుటకు ముందు గ్రంథసాక్ష్యముతో దృప్తి పడక, సీమలవారి నోటిని విచారింపవలయును. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశ మీ మార్గమును జూపినది. శబ్దరత్నాకరము 1885లో వెలువడినపుడు బహుజనపల్లి సీతారామాచార్యుల వారికి నిజామురాష్ట్రపుఁ బల్లెల మాటలు సేకరించు వసతి యెట్లుండును? నేఁడు మన కట్టి యడ్డులేదు. రెండవది: ‘తాపు’, ‘పొద్దుగూకు’ వంటి రూపములను బాలురు వ్రాసినపుడు కేవలము ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేయక, వాని పక్కను ‘త్రాపు’, ‘ప్రొద్దు గ్రుంకు’ అనువానిని వ్రాసి చూపవలయును. తన యింటిమాట కావ్యపుమాటకుఁ దోఁబుట్టువని తెలిసిన బాలుఁడు కావ్యమునకు దూరము కాఁడు. మూఁడవది: ‘ముంపు’ అను పదమునకు నిఘంటువులలో ముంచుధాతువును మూలముగాఁ జూపి, నదివలనఁ గలుగు ముంపును, కట్టడమువలనఁ గలుగు ముంపును వేఱర్థములుగా నిరూపింపవలయును.

ఇంగ్లీషువారు అడ్రెంచ్ పక్కను కటారిగుర్తు నుంచి దాని చరిత్రమును భద్రపఱచుకొన్నారు. చచ్చినదానికిఁ జేయఁదగిన గౌరవమది. మన ముంచు, త్రాపు అనువానికట్టి గౌరవ మింకను గాలమునకు ముందరిది. మంజీర యొడ్డున నవి వినఁబడుచున్నంతవఱకు వానికిఁ గావలసినది గుర్తు గాదు, ప్రయోగము. చరిత్ర వ్రాయువారు ‘ఊళ్లు మునిఁగినవి’ అని వ్రాయు ప్రతిచోటను, ‘ఊళ్లను ముంచిరి’ అని వ్రాయవలసిన సందర్భమగునా యని యొకమాఱు విచారించినచో, ఈ వ్యాకరణచర్చ వ్యర్థము గాదు.